ముప్పై ఒకటో నిమిషం

"చారులో ఇంగువ వేశావా లేదా?" అన్నారు అత్తయ్యగారు.

"వేశానండి."

"వేస్తే వాసనేదీ?"

"పావు చెంచా వేశాను. రోజూ వేసేంతే."

"చెంచాలు చూసుకుంటూ చేస్తే చారవుతుందా అమ్మాయ్? వంట ముక్కుతో చెయ్యాలి."

ఆవిడ ఆ మాట అన్నప్పుడల్లా నేను ఊరుకుంటాను. నాలుగేళ్ల కిందట వచ్చిన జ్వరంలో నా ముక్కు పోయింది. మల్లెపూలూ మురుగుకాలవా నాకు ఒకటే. అప్పట్నుంచీ నా వంటంతా కొలతల మీదే నడుస్తోంది. ఏ డబ్బాలో ఏ చెంచా ఉండాలో, ఏ గిన్నెకి ఎన్ని నిమిషాలో నాకు లెక్క తప్పదు. అయినా ఆ రోజు ఎందుకో ఊరుకోలేకపోయాను. ఇంగువ డబ్బా తెచ్చి ఆవిడ ముందు పెట్టి, మూత తీసి చూపించాను.

"చూడండి. నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తగ్గిందో మీరే చూడండి."

"డబ్బాలో తగ్గితే సరా? చారులో తెలియొద్దూ? అయినా ఇంత గ్యాసు వాసనలో ఇంగువ ఎక్కడ తెలిసి ఛస్తుందిలే."

నేను పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, లైటరు చేతిలోకి తీసుకుని ఉన్నాను.

"ఏ గ్యాసు వాసనండీ?"

"పొయ్యి గ్యాసే. ఇందాకట్నుంచీ వస్తోంది" అంటూ ఆవిడ చిక్కుడుకాయ ఈనె తీసి పళ్లెంలో వేశారు.

లైటరు కింద పెట్టేశాను. రెండో పొయ్యి మీట సగానికి తిరిగి ఉంది. కట్టేశాను. సిలిండరు రెగ్యులేటరు కట్టేశాను. కిటికీలూ తలుపులూ బార్లా తెరిచి, ఆవిడ చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కొచ్చాను.

"ఇందాకట్నుంచీ వస్తుంటే చెప్పరేంటండీ?"

"ఇప్పుడు చెప్పాగా."

ఇది మా అత్తయ్యగారు అనే మాట కాదు. పదకొండేళ్ల కిందట మావయ్యగారు పొలంలో మోటారు స్విచ్చి వెయ్యబోయి కరెంటు షాకుతో పోయారు. ఆనాటి నుంచీ ఆవిడ స్విచ్చి ముట్టుకుని ఎరగరు. గదిలో ఫ్యాను కావాలన్నా మనవరాల్ని పిలిచేవారు. పడుకోబోయే ముందు గ్యాసు రెగ్యులేటరు మూడుసార్లు చూసి, నన్ను లేపి నాలుగోసారి చూపించేవారు. ఈ మధ్య ఆవిడే లేచి మోటారు వేస్తుంటే పోనీలే, ధైర్యం వచ్చిందనుకున్నాను. సంతోషించాను కూడా.

పెరట్లో గట్టు మీద కూర్చున్నాను.

"ఆ ఇంగువ డబ్బా మూత పెట్టిరా. గాలికి పోతుంది" అన్నారు ఆవిడ.

*

మాది గోకవరం దాటాక కొండల వైపు తిరిగే రోడ్డు మీద ఇల్లు. ఇంటి వెనక ఎనిమిదెకరాల నిమ్మగడ్డి తోట, తోట చివర గడ్డిని ఆవిరి మీద ఉడికించి నూనె తీసే తొట్లు, వాటి పక్కన రెండు గదుల ల్యాబు. ల్యాబు మా ఆయనది. పేరు వీరభద్రం. చుట్టుపక్కల రైతులు తీసిన నూనెల్లో ఏమేం ఉన్నాయో పరీక్షించి కాగితం రాసిచ్చే పని. ఆయన సంతకం ఉంటే సబ్బులవాళ్లూ అగరుబత్తులవాళ్లూ మరో మాట లేకుండా సరుకు తీసుకుంటారు.

ఆయన సొంత పని ఇంకొకటి ఉంది. పురుగుల మీద పెరిగి వాటిని చంపే తెల్లటి బూజు ఒకటుంది. దాన్ని మూడేళ్లు తంటాలు పడి గడ్డి వేళ్లలో కాపురం ఉండేలా మార్చారు. నారు నాటే ముందు వేళ్లని ఆ బూజు నీళ్లలో ముంచితే చాలు. పురుగు మందు అక్కర్లేదు. గడ్డి నల్లగా నిగనిగలాడుతూ పెరిగింది. నూనె ఒకటికి ఒకటిన్నర వచ్చింది. మిగతా రైతులు మాకెప్పుడిస్తారని తిరుగుతున్నారు.

గ్యాసు సంగతి చెబుదామని ఆ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని ల్యాబుకి వెళ్లాను. ఆయన తొట్ల దగ్గర ఉన్నారు. నూనెలు పరీక్షించే మెషీను దగ్గర ఫరీదా ఉంది. రాజమండ్రిలో ఎమ్మెస్సీ చేసి రెండేళ్ల నుంచి మా దగ్గరే పనిచేస్తోంది. కుడి అరచేతికి కట్టు కట్టుకుని ఉంది.

"ఏమైందే?"

"సూది గుచ్చే ఇంజెక్టరు మీద చెయ్యి పెట్టేశానక్కా. రెండొందల యాభై డిగ్రీలుంది."

"గ్లౌజులు లేవా?"

"ఎందుకు లేవు, పక్కనే ఉన్నాయి. వేసుకోవాలనిపించలేదు" అని నవ్వింది.

"నొప్పి లేదా?"

"బోల్డు నొప్పి."

అంటూనే ఆ చేత్తోనే మళ్లీ సూది పట్టుకుని మెషీను మూత మీదికి వంగింది. నేను మధ్యలో చెయ్యి అడ్డం పెట్టాల్సి వచ్చింది.

ఆ మెషీను పని నాకు తెలుసు. పెళ్లికి ముందు బీయస్సీ కెమిస్ట్రీ చదివి రెండేళ్లు ఇలాంటి మెషీను ముందే కూర్చున్నాను. లోపల వేడి పెట్టెలో ముప్పై మీటర్ల గొట్టం చుట్ట చుట్టి ఉంటుంది, దారమంత సన్నం. ఒక్క చుక్క నూనె ఒక చివర ఎక్కిస్తే, అన్నవరం మెట్లెక్కే జనంలా తేలికవాళ్లు ముందు, బరువైనవాళ్లు వెనక, ఒకళ్ల తర్వాత ఒకళ్లు రెండో చివర బయటికొస్తారు. ఒక్కొక్కళ్లు బయటపడినప్పుడల్లా తెర మీద గీత పైకి లేచి దిగుతుంది. దాన్ని పీక్ అంటారు. వచ్చినవాణ్ణి వచ్చినట్టే అక్కడ ముక్కలు కొట్టి, ఆ ముక్కల్ని కంప్యూటర్లో ఉన్న పాత లెక్కలతో పోల్చి పేరు చెబుతారు. నిమ్మగడ్డిలో ఎవరెవరు ఏ నిమిషానికొస్తారో నాకింకా గుర్తే.

అందుకే ముప్పై ఒకటో నిమిషంలో లేచిన పీక్ కొత్తదని చూడగానే తెలిసింది. పొట్టిదే, కానీ నిటారుగా ఉంది. నేను దాన్ని చూస్తుండగానే ఫరీదా ఒక మీట నొక్కింది. పీక్ మాయమైంది.

"ఏం చేశావే?"

"బ్లాంక్ తీసేశానక్కా."

నూనె ఎక్కించే ముందు, నూనె కలపని ఉత్త ద్రావకాన్ని మెషీనులోకి పంపుతారు. దాన్ని బ్లాంక్ అంటారు. అందులో ఏమైనా కనిపిస్తే అది మెషీను మురికే తప్ప నూనెలోది కాదు కనుక, ఆ తర్వాత చేసే పరీక్షలన్నిట్లోంచీ దాన్ని తీసేస్తారు. అంటే ఆ పీక్ బ్లాంక్‌లో కూడా ఉందన్నమాట.

"ఎన్నాళ్ల నుంచి ఉంది?"

"మూడు నెలల నుంచి. కాలమ్ గొట్టం ముసలిదైపోయిందేమో, సార్ తీసెయ్యమన్నారు."

"పేరేంటి దానికి?"

"కంప్యూటర్లో లైబ్రరీ ఏదో పేరు చెబుతోంది. అరవై రెండు శాతం సరిపోయిందట."

"అరవై రెండు శాతం సరిపోతే మేనత్త కూడా అమ్మలాగే ఉంటుంది. నువ్వు నమ్మేశావా?"

"మీరు మరీనక్కా."

అప్పుడే మా ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చారు. ఒకప్పుడు గీత మీద వెంట్రుకంత గుబ్బ కనిపిస్తే రోజంతా చేసిన పని పారేసి మళ్లీ మొదలుపెట్టిన మనిషి. తెర వైపు కూడా చూడలేదు.

"బ్లాంక్‌లో ఉన్నదాని గురించి ఎవరూ బుర్ర పాడుచేసుకోరు తాయారూ. క్యారేజీలో ఏం తెచ్చావు?"

గ్యాసు సంగతి చెప్పాను. "కట్టేశావుగా" అన్నారు.

*

ఆ సాయంత్రం నాలుగింటికి మా లోహితని తీసుకురావడానికి స్కూలు దాకా వెళ్లాను. తొమ్మిదేళ్ల పిల్ల. గేటు దాటి రోడ్డు మధ్యకి వచ్చి, పెన్సిలు పడిపోతే తీసుకోవడానికి వంగింది. కంకర లారీ వస్తోంది. డ్రైవరు హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. అది తలెత్తి లారీని చూసింది. బండి మీది పేర్లూ బొమ్మలూ చదివినట్టు తీరిగ్గా చూసింది. ఒక్క అడుగు కదల్లేదు.

పరిగెత్తాను. లారీ దాని ముక్కుకి మూరెడు దూరంలో ఆగింది. డ్రైవరు దిగి వచ్చాడు. తిట్టబోయి, బంపరు పట్టుకుని కూలబడ్డాడు. చొక్కా మొత్తం తడిసిపోయింది.

"హారన్ వినపడలేదుటే నీకు?"

"వినపడిందమ్మా. ఎందుకంత గోల, ఆగాడుగా."

దాని గుండె మీద చెయ్యి పెట్టి చూశాను. నిద్రపోతున్న పిల్ల గుండెలా నింపాదిగా కొట్టుకుంటోంది. కుక్క మొరిగితే నా చీర కుచ్చిళ్లలో దూరే పిల్ల ఇది. ఉరిమితే వాళ్ల నానమ్మని వదలదు. ఎప్పట్నుంచి మానేసింది? ఈ వర్షాకాలం ఒక్కసారి కూడా అది జడుసుకోలేదు.

ఇంటికొచ్చి అత్తయ్యగారికి చెప్పాను.

"ఆగాడుగా" అన్నారు.

మా ఆయన వచ్చాక ఆయనకీ చెప్పాను.

"ఆగాడుగా" అన్నారు.

ముగ్గురూ ఒకటే మాట, ఒకటే గొంతు. ఆ ఇంట్లో నేనొక్కదాన్నే పరాయి మనిషినన్నట్టు అనిపించింది.

*

మర్నాడు తెల్లవారగానే తోటలోకి వెళ్లాను. ఎందుకు వెళ్లానో సరిగ్గా చెప్పలేను. ఈ మూడు నెలల్లో మా ఇంట్లో కొత్తగా వచ్చింది ఆ బూజు పట్టిన గడ్డి ఒక్కటే. దాన్ని దగ్గరగా చూడాలనుకున్నాను.

నిమ్మగడ్డిలో నడిస్తే అడుగుకో పది మిడతలు చిటపటమని ఎగరాలి. ఒక్కటీ ఎగరలేదు. లేవనుకున్నాను. వంగి చూస్తే ఆకుకో మిడత ఉంది. ఒకదాన్ని వేలితో తాకాను. కదిలింది, కాస్త పక్కకి జరిగింది, మళ్లీ కూర్చుంది. దాని రెక్కల కింద తెల్లటి నూగు పట్టి ఉంది. పక్క ఆకు మీద ఇంకొకటి. కాళ్లు ఆకుని పట్టుకునే ఉన్నాయి, ఒళ్లంతా దూదిలా బూజు. అది ఎప్పుడో చచ్చిపోయింది. దాన్ని ఆనుకుని మూడోది హాయిగా ఆకు కొరుక్కుంటోంది.

తినేసే బూజు పక్కనే ఉన్నా వీటికి పారిపోవాలని లేదు.

లారీ ముందు లోహిత కూడా ఇలాగే కదల్లేదు. అప్పుడు అర్థమైంది. అర్థమైనదాన్ని నమ్మకూడదనుకున్నాను. రుజువు లేకుండా నమ్మితే నేనూ అరవై రెండు శాతానికి తలూపినట్టే.

ఆదివారం ఫరీదాకి సెలవు. మా ఆయన రాజమండ్రి వెళ్లారు. తొమ్మిదింటికి ల్యాబు తలుపు తీశాను. బీరువాలో సీలు తియ్యని కొత్త ద్రావకం సీసా ఉంది. దాని మూత తియ్యకుండానే, రబ్బరు బిళ్లలోంచి సూది దింపి, గది గాలి తగలనివ్వకుండా ఒక చుక్క లాగి మెషీనులోకి ఎక్కించాను. నలభై నిమిషాలు కుర్చీ అంచున కూర్చున్నాను. ముప్పై ఒకటో నిమిషం వచ్చింది. గీత నేల మీద చాపలా చదునుగా పోయింది.

మెషీనులో మురికి లేదు.

తర్వాత వాళ్లు రోజూ వాడే సీసా. మూత రోజుకి పదిసార్లు తీసి పెట్టేది. ముప్పై ఒకటో నిమిషంలో పీక్ లేచి నిలబడింది. అది గది గాలిలోంచి ద్రావకంలోకి దిగింది. గాలి నిండా అదే ఉంది కనుక బ్లాంక్‌లోనూ ఉంది. బ్లాంక్‌లో ఉంది కనుక వాళ్లు దాన్ని ప్రతి కాగితంలోంచీ చెరిపేశారు. ఒకప్పటి మా ఆయనైతే ఒళ్లు జలదరించి పరిగెత్తి కిటికీలు తీసేవారు. అలా జలదరించే గుణాన్నే అది ముందు తినేసింది.

పేరు తేల్చడానికి ఒక పద్ధతుంది. గొలుసు పొడవు ఒక్కొక్క మెట్టు పెరిగే మైనపు నూనెల వరసని మెషీనులోకి పంపితే, అవి దారి పొడుగునా మైలురాళ్లలా నిలబడతాయి. మన పీక్ ఏ రాయికీ ఏ రాయికీ మధ్య పడిందో లెక్క కడితే దానికో అంకె వస్తుంది. గొట్టం రకం ఒకటైతే, ఏ ఊళ్లో, ఏ మెషీనులో చేసినా ఆ అంకె పెద్దగా మారదు. నా అంకె, లైబ్రరీ చెప్పిన పదార్థపు అంకెకి దరిదాపుల్లో కూడా లేదు. పక్కన వేరే రకం గొట్టం ఉన్న పాత మెషీనులో మళ్లీ చేశాను. అక్కడా అంకె కుదరలేదు. అంటే లైబ్రరీ చెప్పిన పేరు తప్పు. దీనికి ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టలేదు.

మిగిలినవి ఇంటి నుంచి తెచ్చినవి. పెరట్లో కరివేపాకు. కుండీలో తులసి. లోహిత జడ రిబ్బను. మూడింట్లోనూ ఉంది. రిబ్బనులో అన్నిటికన్నా ఎత్తు.

మూడు దాటింది. పొద్దుట్నుంచీ మంచినీళ్లయినా తాగలేదు. ఆ గాలి నేనూ పీలుస్తున్నాను, మూడు నెలల నుంచీ పీలుస్తున్నాను. కానీ నా ముక్కులో అది దిగే తలుపు నాలుగేళ్ల కిందటే మూసుకుపోయింది. ఆ ఇంట్లో అసలైన బ్లాంక్‌ని నేనే. నా బిడ్డ కోసం నేను భయపడకపోతే ఇంకెవరూ భయపడరు.

*

మా ఆయన రాగానే గీతల కాగితాలన్నీ బల్ల మీద పరిచాను. ఆయన బుర్ర ఏమీ మొద్దుబారలేదు. నేను సగం చెప్పేసరికి మిగతా సగం ఆయనే అందుకున్నారు.

"పురుగు పారిపోకుండా కూర్చోబెట్టడానికి బూజు చేసుకున్న వాసన ఇది. నా ముక్కుకి నిమ్మగడ్డిలో కలిసిపోయింది. వాసన నరం ఒక్కటే తాయారూ, మెదడులో భయం పుట్టే చోటుకి అడ్డదారిన పోయేది. నీకు ముక్కు లేదు గనక నీకు పట్టలేదు." కాగితం కిటికీ వెలుగులోకి ఎత్తి చూశారు. "ఎంత బాగా పట్టుకున్నావు!"

"పిల్ల లారీ కింద పడబోయిందండీ."

"అవును. మళ్లీ పడొచ్చు కూడా."

ఆ మాట ఆయన నెమ్మదిగా, రేపు వాన పడొచ్చన్నట్టు అన్నారు. పిల్లంటే ఇష్టం లేక కాదు. పొద్దున్నే దానికి జడ వేసింది ఆయనే.

"మీకేమీ అనిపించట్లేదా?"

నిజం చెప్పాలని ఆలోచించారు.

"తెలుస్తోంది. అనిపించట్లేదు. రెండూ వేరువేరని ఇన్నాళ్లూ నాకు తెలీదు."

"సరుకు?"

"ఆరు డ్రమ్ములు పోయిన నెల పంపాం. రేపు కాక పై సోమవారం లారీ వస్తుంది, నలభై. ఫ్లోరు తుడిచే లిక్విడ్ చేసేవాళ్లకి."

"ఆపండి."

"ఆపాలి" అన్నారు. కుర్చీలోంచి లేవలేదు. ఫోను చేతికి అందేంత దూరంలోనే ఉంది. "ఎందుకాపాలో నీకన్నా నాకే బాగా తెలుసు. కానీ చెయ్యి వెళ్లడం లేదు తాయారూ. తరిమేదేదో ఉండాలి మనిషిని. అది లేదు."

ఫోను నేనే తీసుకుని ఆ కంపెనీకి చేశాను. ఎవరో గుమాస్తా ఎత్తాడు. "రిపోర్టులో ఏమీ లేదు కదమ్మా, సార్ సంతకం కూడా ఉంది. సార్‌తో చెప్పించండి" అన్నాడు. ఫోను ఆయన చేతిలో పెట్టాను. "నమస్తే అండీ, అంతా బాగానే ఉంది, సోమవారం పంపుతున్నాం" అన్నారు ఆయన. చెప్పాల్సింది చెప్పడం మరిచిపోయి కాదు. చెప్పినా చెప్పకపోయినా ఆయనకి ఒకటే.

*

మర్నాడు పొద్దున్నే లోహితని తీసుకుని కాకినాడ మా అక్క ఇంటికి వెళ్లిపోయాను. రిబ్బన్లూ బట్టలూ స్కూలు సంచీ అన్నీ వదిలేసి, దారిలో కొత్త గౌను కొని మార్చాను.

మొదటి నాలుగు రోజులూ దాని చెయ్యి వదలకుండా తిరిగాను. మేడ మీది తలుపుకి తాళం వేయించాను. బీచికి వద్దన్నాను. అక్కకి ఏమీ చెప్పలేదు. చెబితే నన్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది. అయిదో రోజు వీధి కుక్కని చూసి లోహిత ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. ఆరో రోజు వంటింట్లో కుక్కరు విజిల్ వేసింది. లోహిత కెవ్వుమని నా నడుముని కరుచుకుంది. దాని గుండె నా పొట్టకి కొట్టుకుంటుంటే నేను ఏడుస్తూ నవ్వేశాను.

"పిల్ల జడుసుకుంటే నవ్వుతావేంటే, పిచ్చి గానీ పట్టిందా?" అంది అక్క.

ఆ సంతోషం గంటసేపు ఉంది. మధ్యాహ్నం అక్క బకెట్లో ఏదో పచ్చటి లిక్విడ్ పోసి ఇల్లు తుడుస్తోంది. సీసా లాక్కుని చూశాను. నిమ్మగడ్డి బొమ్మ. ఎక్కడి నూనో రాసి లేదు. తయారైన నెల చూశాను. మా బూజుకి ముందుది. సీసా పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఇది పాతది. వచ్చే నెల అక్క కొనే సీసా? ఆసుపత్రి తుడిచే సీసా, రైల్వే స్టేషను తుడిచే సీసా, స్కూలు తుడిచే సీసా? నా కూతుర్ని ఎత్తుకుని నేనెంత దూరం పారిపోగలను? అది గాలి పీల్చే ప్రతి చోటికీ ఆ లారీ నాకన్నా ముందే వెళ్లబోతోంది.

ఆ శనివారమే పిల్లని అక్కకి అప్పగించి, ఆ సీసాలు కొనవద్దని అక్క చేత ఒట్టు వేయించుకుని బయల్దేరాను. లారీకి రెండు రోజులుంది.

*

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ముగ్గురమే కూర్చున్నాం. కొరమేను పులుసు. నేను వడ్డించి, నా కంచం పక్కన కాగితాలు పెట్టుకున్నాను. కాకినాడలో ఆరు రోజులకి పిల్లకి భయం తిరిగొచ్చిందని చెప్పాను. మనందరం ఇక్కణ్నుంచి వెళ్లిపోతే అందరికీ తిరిగొస్తుందని చెప్పాను. లారీ రాకూడదని చెప్పాను.

"సరే" అన్నారు మా ఆయన. ఆ సరేని నేను వారం రోజులుగా ఫోనులో వింటున్నాను. దాని మీద చెంబు నీళ్లు కూడా నిలబడవు.

అత్తయ్యగారు మాత్రం అన్నం కలపడం ఆపారు.

"మళ్లీ భయపడాలా నేను?"

నేను కాగితాలు దగ్గరికి లాక్కున్నాను.

"పదకొండేళ్లు పడ్డానమ్మాయ్. కళ్లు మూస్తే ఆయన మోటారు పక్కన పడి ఉండటమే. ఈ మూడు నెలలూ కడుపు నిండా నిద్రపోయాను. మీ మావయ్యగారు నవ్వుతున్నట్టు కూడా గుర్తొస్తున్నారు. అది తీసేసుకుంటావా?"

ఆవిడ అడిగింది న్యాయమే. ఆవిడ కళ్లలోకి చూడలేక పులుసు గిన్నె మూత సర్దుతూ కూర్చున్నాను.

ఫోను మోగింది. అక్క నంబరు. స్పీకరు పెట్టాను. వెనక ఫెళఫెళమని ఉరుములు.

"నానమ్మా!" లోహిత వెక్కుతోంది. "నానమ్మా, ఇక్కడ ఉరుముతోంది. కరెంటు పోయింది. నువ్వు రా నానమ్మా, నాకు భయమేస్తోంది."

"ఉరిమితే ఏంటే, ఉరమనీ" అన్నారు అత్తయ్యగారు. ముక్కలోంచి ముల్లు లాగి కంచం అంచున పెట్టారు.

"నువ్వు రా నానమ్మా..."

"వస్తాలే."

ఆవిడ ఇంకో ముల్లు తీశారు. అక్కడ ఫెళ్లున మరో ఉరుము ఉరిమింది, పిల్ల అరిచింది, అక్క ఏదో సముదాయిస్తోంది, లైను తెగిపోయింది. మా ఆయన మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కున్నారు. నేను లేచి నిలబడ్డాను. ఎక్కడికి పోవాలో తెలియక నిలబడే ఉన్నాను.

"అమ్మాయ్" అన్నారు అత్తయ్యగారు. "పిల్ల ఏడ్చింది కదూ?"

"ఏడ్చిందండీ."

"నేనప్పుడేం చేస్తున్నాను?"

నేను ఆవిడ కంచం వైపు చూశాను.

"ఫరవాలేదు, చెప్పు."

"చేప ముల్లు తీసుకుంటున్నారండీ."

ఆవిడ కంచం అంచున ఉన్న రెండు ముళ్లనీ చూశారు. ముఖంలో బాధ లేదు. ఎవరి కంచమో చూస్తున్నట్టుగా ఉంది.

"అది పుట్టినప్పట్నుంచీ ఉరిమితే నా పొట్టలో తల పెట్టుకునేది. నాకూ ఉరుములంటే హడలే. ఇద్దరం దుప్పట్లో ఒకళ్లనొకళ్లు పట్టుకుని వణికేవాళ్లం. ఇవాళ అది ఏడుస్తుంటే నాకు ముక్క చల్లారిపోతుందే అనిపించింది. అంతే అనిపించింది." చెయ్యి కంచంలో వదిలేసి, కొడుకు వైపు తిరిగారు. "భద్రం, ఆ కంపెనీవాడికి ఫోను చేసి నా చేతికియ్యి. నూనె పాడైందని నేను చెబుతాను. నువ్వు మాట్లాడొద్దు, నువ్వు మాట్లాడితే బాగుందంటావు."

ఆయన ఫోను కలిపి ఇచ్చారు. ఆవిడ ఎంగిలి చెయ్యి దూరంగా పెట్టుకుని, ఎడమ చేత్తో ఫోను పట్టుకున్నారు. గడ్డి మా భూమిలోది, భూమి నా పేరు మీదుంది, రేపు బండి పంపితే ఖాళీగా తిరిగొస్తుంది, మా వాడి సంతకం కొట్టేసుకోండి, పోయిన నెల తీసుకున్న ఆరు డ్రమ్ములూ ఎక్కడున్నాయో మా కోడలు వస్తుంది, ఆమెకి చెప్పండి అని, ఒక్క మాట తడబడకుండా చెప్పి పెట్టేశారు. ఎవరికీ జంకని మనిషి గొంతు అది. పరువుకీ కేసుకీ అన్నిటికీ భయపడింది నేనొక్కదాన్నే.

"తోట వేళ్లతో సహా పీకించాలి" అన్నారు నాతో. "తగలబెట్టొద్దు. పొగ ఊళ్లోకి పోతుంది. గొయ్యి తీసి పాతించు. పనివాళ్ల ముక్కులకి గుడ్డలు కట్టించు, పూటకో జట్టుని మార్చు. ఫరీదాని వాళ్లమ్మ దగ్గరికి పంపెయ్యి."

"మీరు..."

"నేనూ భద్రం కాకినాడ వెళ్తాం. చెయ్యి కడుక్కోగానే బస్సెక్కుతాం. బస్టాండుకి వెళ్లేలోగా నేను మాట మార్చినా మారుస్తాను. ఇప్పుడు నా మాటకి బరువు లేదని నాకు తెలుస్తూనే ఉంది. మారిస్తే వినకు, లాక్కెళ్లి ఎక్కించు."

"మరి నేను కూడా వస్తానండీ. పిల్ల దగ్గర..."

ఆ ఎనిమిదెకరాలూ, ఆకుని పట్టుకుని చచ్చిన మిడతలూ, ఎవరూ లేని ఇల్లూ, వాసన తెలియని వంటిల్లూ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. పిల్లని ఎన్నాళ్లు చూడకుండా ఉండాలో తెలియదు. ఆ ఆరు డ్రమ్ములు ఎన్ని సీసాలయ్యాయో తెలియదు.

అత్తయ్యగారు తల అడ్డంగా తిప్పారు. కంచంలో నీళ్లు పోసుకుని చెయ్యి కడుక్కున్నారు.

"నువ్వు రావు. గడ్డి చివరి దుబ్బు గోతిలో పడేదాకా, ఆ ఆరు డ్రమ్ములూ దొరికేదాకా నువ్విక్కడే ఉంటావు. నీకు భయంగా ఉంటుందని తెలుసు అమ్మాయ్. అందుకే నిన్నే ఉండమంటున్నాను."